నాకి చూసిన కొయ్య

పిడుల పాక,
వానలకు ముందు

తమ్ముడికి,

నీ పార్సిల్ విప్పేదాకా నేనూ మామయ్యా బాగానే ఉన్నాం. విప్పాక నాకు నోరు కడుక్కోవడంతోనే పొద్దు గడిచిపోయింది.

సముద్రాలు దాటి వచ్చిన నల్లచేవ అని రాశావు. కత్తి పిడికి అంతకన్నా గట్టి కొయ్య లేదని కూడా రాశావు. సరే కదా అని ఒక ముక్క తీసుకుని, అలవాటు ప్రకారం అంచు నాకి చూశాను. నాన్న నేర్పిన పద్ధతి నీకు తెలియనిది కాదు. ఎండు కొయ్యని చూసి ఏమీ చెప్పలేం. నాలుక తగిలిన చోట ఏ రంగు తేలుతుందో, రేపు పిడి తయారయ్యాక అదే రంగు. పైగా చేదుందా, జిడ్డుందా, లోపల కుళ్ళిందా అన్నది కూడా తెలిసిపోతుంది. నీళ్ళు చల్లి చూసేవాళ్ళకి రంగొక్కటే తెలుస్తుంది.

ఇంతకీ నాకితే ఏమైందో తెలుసా? నాలుక నల్లబడింది. అద్దంలో చూసుకుంటే సిరాబుడ్డి తాగినదానిలా ఉన్నాను. ఆకురాయితో కాస్త గీసేసరికి లోపల పాలిపోయిన తెల్లకొయ్య బయటపడింది. ఎవడో దానికి బూట్ల పాలిష్ దట్టించి నీకు అంటగట్టాడు. నువ్వు నాకు అంటగట్టావు. నేను దాన్ని నాకాను. ఛీ! తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో బూటు పెట్టుకున్నట్టే ఉంది.

ఇక్కడ గరిటమ్మ సొంతంగా హోటల్ తెరుస్తోంది. వేలితో ఏదీ చూపించదు, అన్నీ గరిటతోనే చూపిస్తుంది కాబట్టి అందరికీ ఆవిడ గరిటమ్మే. తనకీ, తన చేతికింద పనిచేసేవాళ్ళకీ కత్తులు మన దగ్గరే కావాలంది. మామయ్య బ్లేడ్లు సాగదీసి, నాన్న ముద్ర కూడా కొట్టి ఉంచాడు. పిడులే తరువాయి. తడిచేతిలో జారని కొయ్య, వాసన రాని కొయ్య, వేడినీళ్ళకి పగలని కొయ్య కావాలి నాకు.

నువ్వు మళ్ళీ ఇక్కడికొచ్చి నా పక్కన కూర్చుని పనిచేస్తానన్నావు. నేను కాదనలేదు. పనికొచ్చే కొయ్య ఒక్కటి నువ్వే వెతికి తెస్తే నీ చోటు నీకే అన్నాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. బూట్ల పాలిష్ నాకించి తిరిగొద్దామనుకుంటే మాత్రం గుమ్మం దాటనివ్వను.

అక్క


ఇస్త్రీ షాపు మీది గది,
వానలు మొదలయ్యాక

అక్కకి,

నీ నాలుక ఈపాటికి మామూలు రంగుకి వచ్చి ఉంటుందని తలుస్తాను. దాని పదును తగ్గలేదని మాత్రం ఉత్తరం చదవగానే తెలిసింది.

నన్ను మోసం చేసినవాడిని వెతికాను, దుకాణం ఎత్తేశాడు. నాది తప్పే. ఇక్కడ మా మేస్త్రీ పాత భవనాలు కూల్చే పని పట్టుకుంటాడని చెప్పాను కదా. రోజంతా సున్నం దుమ్ములో నిలబడి తలుపులూ కిటికీలూ ఊడదీస్తుంటే కళ్ళు సరిగ్గా కనిపించి చావవు. కింద ఇస్త్రీ పెట్టెల ఆవిరి, పైన రేకుల వేడి. పిండి వడియాల్లా ఎండిపోతున్నాను. మన పాకలో కిటికీ పక్కన కూర్చుని ఆకురాయి పట్టుకున్న రోజులు తలుచుకుంటే ఏడుపొస్తుంది. నువ్వు తిట్టే తిట్లతో సహా తలుచుకుంటున్నాను.

ఈసారి పంపినది రంగు వేసిన కొయ్య కాదు, నా మీద ఒట్టు. ఎర్రటి ఒంటి మీద నల్లటి చారలు. కోస్తుంటే అత్తరు వాసన. ఎక్కడో వేడి అడవుల్లో పెరిగే చెట్టట. దీనికి అవిసె నూనె పట్టించి, పైన రంగులేని వార్నిష్ పూతలు నాలుగు వేసి రుద్దావంటే అద్దమే. ఇక్కడ జనం అలాంటి పిడుల కోసం ఎగబడుతున్నారు.

గరిటమ్మకి నచ్చితే వెంటనే రాయి. సంచీ సర్దుకుని ఉంటాను.

తమ్ముడు


పిడుల పాక,
ముసురు పట్టిన రోజు

తమ్ముడూ,

సంచీ విప్పెయ్.

ఆ ఎర్ర కొయ్య నాకితే నాలుక మీద జిడ్డు పేరుకుంది. పడుకునేదాకా ఏం తిన్నా అత్తరే. వాంతి వచ్చినంత పనైంది. అయినా నువ్వు ఒట్టు పెట్టావు కదా అని ఒక పిడి చెక్కి, శుభ్రంగా రుద్ది, అవిసె నూనె పట్టించి ఆరబెట్టాను. ఆరలేదు. ముసురని పొయ్యి పక్కన పెట్టాను. ఆరలేదు. రోజూ పొద్దున్నే వేలు పెట్టి చూడటం, వేలు అంటుకోవడం. ఒకరోజు చూస్తే దాని మీద ఈగ ఒకటి కాళ్ళు ఇరుక్కుని గింజుకుంటోంది. ఆ కొయ్య ఒంట్లో ఉన్న నూనే మన నూనెని ఆరనివ్వడం లేదని అప్పుడు బుర్రకెక్కింది. ఇలాంటి కొయ్యకి నూనె పట్టించకూడదు. ఆ సంగతి మనకి ఆలస్యంగా తెలిసింది.

ఇక నీ అద్దం పూత సంగతి. మొన్న ఒకాయన అలాంటి కత్తే బాగుచేయమని తెచ్చాడు. ఎండకి కమిలిన చర్మంలా పిడి మీద పూత పెచ్చులుగా లేచింది. గోరుతో లాగితే ఆ పొర కింద ఎన్నాళ్ళదో మాంసం, ఉల్లి రసం, చేతి చెమట అన్నీ కలిసి నల్లటి ముద్దయి ఉన్నాయి. ఆ కంపుకి మామయ్య కొలిమి వదిలేసి బయటికి నడిచాడు. "దీనితోనే రోజూ వంట చేస్తారా?" అని అడిగాను. "పైకి మెరుస్తూనే ఉంది కదండీ," అన్నాడు ఆ మహానుభావుడు. మెరిసే ప్రతిదాన్నీ చూస్తే నాకు అనుమానం ఎందుకో నీకిప్పుడైనా అర్థమవ్వాలి.

గరిటమ్మ నిన్న వచ్చి గరిటతో ఖాళీ బ్లేడ్లని చూపించి వెళ్ళింది. ఆవిడ తిట్టకుండా వెళ్ళిందంటే బేరం పోయే దశకి వచ్చిందని లెక్క.

అక్క


కూలుతున్న భవనం దగ్గర, ఇటుకల మీద కూర్చుని

అక్కకి,

ఈసారి మాటలు తగ్గిస్తాను. వేరే పార్సిల్‌లో కొయ్య పంపాను. ముదురు గోధుమ రంగు, కొంచెం ఊదా. నీళ్ళలో వేస్తే రాయిలా మునిగిపోయింది. మేస్త్రీ రంపం పళ్ళు రెండు విరిగాయి. పూర్వం ఓడల్లో తెప్పించిన కొయ్య, ఇప్పుడు అలాంటి చెట్లే లేవంటున్నారు. నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచిది నీకు దొరకదు, నాకూ దొరకదు.

ఒక పెద్ద బల్ల నుంచి కోయించాను. పాత బల్ల కాబట్టి పైన గీతలుంటాయి. వేడినీళ్ళలో ఉడికించి, ఎండలో పెట్టి మరీ పంపుతున్నాను.

ఇంకో మాట. దీన్ని నువ్వు నాకక్కర్లేదు. నేనే తడిపి చూశాను, రంగు అద్భుతంగా తేలింది. నా మాట నమ్ము. ఊరికే పాత దుమ్ము నోట్లో ఎందుకు?

తమ్ముడు


పిడుల పాక,
తెరిపి ఇచ్చిన రోజు

ఒరేయ్ తమ్ముడూ,

నాకక్కర్లేదా? ముప్పై ఏళ్ళుగా పిడులు చెక్కుతున్నదానికి కొయ్య ఎలా చూడాలో నువ్వు నేర్పుతావా? ఉత్తరం పక్కన పడేసి, ముందు ఆ పనే చేశాను. ఒక ముక్క కాదు, అన్నీ నాకాను.

చేదు. చేదంటే మామూలు చేదు కాదు, నాలుక మొద్దుబారి సాయంత్రం దాకా నీళ్ళ రుచి కూడా తెలియలేదు. ఆకురాయి పెట్టగానే కళ్ళు మండాయి. బల్లకి పురుగు పట్టకుండా పూర్వం ఏదో మందు కొట్టి ఉంటారు అనుకుని ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చున్నాను. పైపొర దాటాక వాసన తగ్గింది.

ఆ తర్వాత సంగతి ఎలా రాయాలో తెలియడం లేదు. నేను పొగిడితే నీకు జ్వరం వస్తుందేమో, కూర్చుని చదువు.

ఇలాంటి కొయ్య నా చేతికి ఇంతవరకూ రాలేదు. చిత్రిక పడుతుంటే పొట్టు రాలడం లేదు, రిబ్బన్లు వస్తున్నాయి. ఇత్తడి మేకులకి బెజ్జం వేస్తే అంచు కూడా చెదరలేదు. తడిపి రుద్దితే ఏ కొయ్యకైనా నూగు లేస్తుంది కదా, ఆరనిచ్చి మళ్ళీ రుద్దాలి, మళ్ళీ లేస్తుంది. దీనికి ఒక్కసారి లేచి ఊరుకుంది. నూనె అడగలేదు, పూత అడగలేదు. వేలెడు మైనం, అరచేతి వేడి, అంతే. మెరుపు పైనుంచి పడినట్టు లేదు, లోపలి నుంచి వస్తోంది. సబ్బు చేత్తో పట్టుకుని విదిలించి చూశాను, చేతిని అదే పట్టుకుంది. మామయ్య తీసుకుని కాసేపు తిప్పి తిప్పి చూసి, "మీ నాన్న చూడాల్సింది," అన్నాడు. మామయ్య నోటి నుంచి ఆ మాట రావడం ఎంత అరుదో నీకు తెలుసు.

గరిటమ్మ ఒక కత్తి తీసుకుని ఇక్కడే చెక్కపలక మీద తరిగి చూసింది. గరిట చంకలో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది ఆ కత్తిని. మొత్తం కత్తులకి ఇదే పిడి కావాలంది.

నీ మీద ఉన్న అసహ్యమంతా కడిగేసుకున్నాను, చాలా? ఒక్కటి మాత్రం అడుగుతాను. ముక్కల అంచు వెంట సన్నటి గాడి ఉంది. ఒక ముక్కకి సగం గుండ్రటి కన్నం, దానికి ఇత్తడి పట్టీ. ఇది ఎక్కడి బల్ల?

అక్క


ఇస్త్రీ షాపు మీది గది

అక్కకి,

నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. నువ్వు నన్ను మెచ్చుకున్నావని మేస్త్రీకి కూడా చదివి వినిపించాను.

అది పెద్ద వంటశాల బల్లే. చాలామంది చుట్టూ నిలబడి కోసేవాళ్ళట. గాడి రసం కారిపోవడానికి. అంతకుమించి నాకు తెలియదు.

ఈ భవనం పని అయిపోగానే వచ్చేస్తాను. నా చోటు తుడిచి ఉంచు. మళ్ళీ చెబుతున్నాను, ఆ ముక్కలు నోట్లో పెట్టుకోకు. మిగిలినవి ఉంటే అసలు నాకవద్దు.

తమ్ముడు


పిడుల పాక

తమ్ముడూ,

గరిటమ్మ హోటల్ తెరిచి చాలా రోజులైంది. కత్తులు పట్టుకెళ్ళి వాడుతోంది. మంచి పేరు కూడా వచ్చింది. ఆ ముక్క రాద్దామని కాగితం తీసి పెట్టుకున్నాను. ఇంతలో ముసలి డాక్టరమ్మ వచ్చింది.

ఆవిడ తోట కత్తి సాన పట్టించుకోవడానికి వస్తుంటుంది. మామయ్య చక్రం తిప్పుతుంటే నా బల్ల దగ్గర నిలబడి, కన్నం ఉన్న ఆ మిగులు ముక్క తీసుకుంది. గాడిలో వేలు పెట్టి అంచు దాకా నడిపించింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇది ఎక్కడ దొరికిందమ్మా?" అంది.

"మా తమ్ముడు పంపాడండీ. ఏదో పెద్ద వంటింటి బల్లట."

"వంటిల్లు కాదమ్మా. మేం చదువుకి కొత్తగా చేరినప్పుడు నిలబడింది ఇలాంటి బల్ల ముందే. దీనిమీద శవాన్ని పడుకోబెట్టి, కోసి చూపించి మాకు పాఠం చెప్పేవాళ్ళు. ఈ గాడిలోంచి మందునీళ్ళు కారేవి. ఈ కన్నం కింద బకెట్టు పెట్టేవాళ్ళు. చూడు, ఆ మందు వాసన ఇంకా పోలేదు. మా పాత కాలేజీ కూల్చేస్తున్నారని విన్నాను."

నేను పెరట్లోకి పరిగెత్తాను. కడుపులో ఏమీ మిగల్లేదు, అయినా ఆగలేదు. మామయ్య వచ్చి తల పట్టుకున్నాడు.

నువ్వు కూల్చే భవనం ఏది? అది నీకు ముందే తెలుసా? అవునో కాదో రాయి. జోకులు వద్దు.

అక్క


ఇస్త్రీ షాపు మీది గది

అక్కా,

అవును. తెలుసు.

ఆ గది మూసేసి చాలా ఏళ్ళైంది. బల్లలు గోడవారగా నిలబెట్టి ఉన్నాయి. ఆ కొయ్యని చూడగానే నాకు నువ్వే గుర్తొచ్చావు. చెబితే నువ్వు కట్టె పెట్టి కూడా ముట్టుకోవు. చెప్పకపోతే నా చోటు నాకు దక్కుతుంది. అదొక్కటే ఆలోచించాను. నాకవద్దని రెండుసార్లు రాశాను కదా అక్కా. అంతకన్నా స్పష్టంగా ఎలా రాయను?

జరిగిందేదో జరిగింది. ఒక్కసారి చల్లగా ఆలోచించు. ఉడికించాను, నువ్వు పైపొరంతా తీసేశావు, మైనం పట్టించావు. అది ఇప్పుడు ఉత్త కొయ్య. అందరి వంటింట్లో ఉన్న కొయ్యల పుట్టుపూర్వోత్తరాలు ఎవరికి తెలుసు? డాక్టరమ్మ ఎవరికీ చెప్పే మనిషి కాదు. గరిటమ్మకి చెప్పకు. చెప్పావంటే ఆవిడ హోటలూ పోతుంది, నాన్న ముద్రకి పేరూ పోతుంది. నువ్వు నోరు మూసుకుంటే ఎవరికీ ఏ నష్టమూ లేదు. నన్ను తిట్టు, కొట్టు. ఆవిడకి మాత్రం చెప్పకు.

తమ్ముడు


పిడుల పాక,
చలి మొదలయ్యాక

తమ్ముడూ,

చెప్పేశాను.

నీ ఉత్తరం చదివాక ఒక పూట ఊరుకున్నాను. ఊరుకోగలిగాను కూడా. ఆ పిడులు నేను చేసినవాటిలో మేలైనవి. వాటిని ఊడదీయాలంటే చేతులు రాలేదు. మధ్యాహ్నం అన్నం కలుపుతుంటే గరిటమ్మ వంటింట్లో ఇదే పూట ఎంతమంది తింటున్నారో గుర్తొచ్చింది. కంచం పక్కకి నెట్టి లేచాను.

వెళ్ళేసరికి ఆవిడ ఆ కత్తితోనే తరుగుతోంది. పక్కకి పిలుద్దామనుకున్నాను, రాలేదు. "అందరి ముందూ చెప్పు, నా దగ్గర దాపరికాల్లేవు," అంది. చెప్పాను. కత్తి కింద పెట్టింది. చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. మళ్ళీ వెళ్ళి కడుక్కుంది. పాత్రలు తోమే అమ్మాయి తూము దగ్గరికి పరిగెత్తి కక్కుకుంది. గరిటమ్మ అరచేతులు తిప్పి తిప్పి చూసుకుని, "వీటితో పెట్టాను నేను జనానికి," అంది. ఆ మాట విన్నాక నువ్వు నన్ను తిట్టు కొట్టు అని రాసిన ముక్క గుర్తొచ్చి ఒళ్ళు మండింది. నిన్ను కొడితే ఆవిడ చేతులు శుభ్రమవుతాయా?

కత్తులన్నీ గుడ్డలో చుట్టి ఇచ్చేసింది. హోటల్‌కి తాళం వేసింది. వంటిల్లంతా కడిగించి, వెల్ల వేయించి, సంగతి బయట తనే చెప్పి, అప్పుడు తెరుస్తుందట. వచ్చేవాళ్ళు వస్తారు, రానివాళ్ళు రారు అంది. మన దగ్గరికి మాత్రం ఎవరూ రావడం లేదు. మాంసం కొట్టాయన ఎదురుపడితే అవతలి పక్కకి దాటాడు.

పిడులు ఊడదీశాను. మేకులు కోసి, జిగురు కరిగించి, ఒక్కొక్కటే. డాక్టరమ్మ వచ్చి ఆ చెక్కలన్నీ తనకిమ్మంది. "పొయ్యిలో పెట్టకమ్మా. వాళ్ళు మాకు ఒళ్ళప్పగించారు. ఏ పేరూ అడగలేదు మేం," అంది. ఇచ్చేశాను. ఆవిడ వాటిని చీర కొంగుతో తుడుస్తుంటే చూశాను. నాకు ఆ చచ్చినవాళ్ళ మీద రోత లేదు తమ్ముడూ. వాళ్ళు ఎవరినీ మోసం చేయలేదు. నా రోతంతా ఆ రెండు మాటల మీద. నాకవద్దు, నాకవద్దు. కారణం నీ నోట్లో పెట్టుకుని, కొయ్య నా నోట్లో పెట్టావు.

అసలు నష్టం ఇప్పుడు రాస్తాను. నిన్న నాన్న దాచిన పాత కొయ్య తీశాను. మన పెరట్లో పడిపోయిన చెట్టుది, నా కళ్ళ ముందు కోసినది. అంచు నాలుక దాకా తెచ్చాను. కింద పెట్టేశాను. మళ్ళీ ప్రయత్నించాను. నాలుక బయటికే రాలేదు. ఏ కొయ్య చూసినా అదే చేదు, అదే మొద్దుబారడం. నీళ్ళు చల్లి చూశాను. రంగు తెలిసింది, అంతే. దాని లోపల ఏముందో నాకు తెలియలేదు. ముప్పై ఏళ్ళుగా నేను కొయ్యని ఎంచింది ఈ నాలుకతోనే. ఇక నేను పిడులు చెక్కగలనేమో గానీ ఎంచలేను.

నువ్వు రావద్దు.

అక్క


ఇస్త్రీ షాపు మీది గది

అక్కా,

రావద్దన్నావు. రాను. ఇది చదివి చింపెయ్.

నీకు రాయని ముక్క ఒకటుంది. నేనే తడిపి చూశాను అని రాశాను కదా. తడిగుడ్డతో తుడిచి చూశాను. నేనూ నాన్న దగ్గరే నేర్చుకున్నాను, నాకూ నాలుకుంది. ఆ బల్ల మీద పెట్టడానికి మనసు రాలేదు. నాకు రోత పుట్టింది కాబట్టి గుడ్డ వాడాను. నువ్వు నాకుతావని తెలిసీ పార్సిల్ కట్టాను. తాడు ముడి వేస్తున్నప్పుడు కూడా తెలుసు. నా రోత నాకు ముఖ్యమైంది, నీది నాకు గుర్తు రాలేదు. ఇప్పుడు అద్దం ముందు మొహం కడుక్కోవాలన్నా చిరాకుగా ఉంది.

మేస్త్రీ దగ్గర పని మానేశాను. మిగిలిన బల్లలు అమ్మొద్దని గొడవపడ్డాను, నవ్వి నన్ను పొమ్మన్నాడు. వాటిని కొన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి అవి ఎక్కడివో చెప్పి వస్తున్నాను. ఒకాయన తలుపు మొహం మీదే వేశాడు. ఇంకొకావిడ ఆ బల్ల మీదే కూర్చుని భోంచేస్తోంది. చెప్పాక ఆవిడ మొహం చూశాను. నీ మొహం కూడా అలాగే మారి ఉంటుంది, నేను చూడలేదంతే.

అక్కా, నువ్వు నాకలేకపోతే నేను నాకుతాను. నీ పక్కన నిలబడి, నువ్వు తీసి ఇచ్చిన ప్రతి ముక్కా. చేదో జిడ్డో చెబుతాను, నువ్వు ఎంచు. ఎక్కడి కొయ్యో అడిగి తెలుసుకోకుండా ఇక ఏదీ నా నోట్లో పెట్టుకోలేను. ఆ ఒక్క భరోసా ఇవ్వగలను. నా చోటు అడగడం లేదు. గుమ్మం బయట నిలబడతాను.

తమ్ముడు


పిడుల పాక

తమ్ముడూ,

నీ ఉత్తరం మామయ్యకి చదివి వినిపించాను. "వాడి ఎంగిలి కొయ్య నువ్వు పట్టుకుంటావా?" అని అడిగాడు. ఛీ అన్నాను. వెంటనే అన్నాను, ఆలోచించకుండానే.

తర్వాత ఆకురాయి పట్టుకుని కూర్చుంటే నాకే నవ్వొచ్చింది. నువ్వు పాకే వయసులో సగం కొరికి, చీమిడి పూసి, నేల మీద పడేసిన బిస్కెట్లన్నీ ఎవరు తిన్నారనుకున్నావు? అమ్మ చూసి నా వీపు మీద ఒకటి వేసేది. అప్పుడు నాకు రోతన్నదే తెలియదు.

ఇప్పుడు తెలుసు. అది పోయిందని అబద్ధం రాయను. నీ చేతిరాత కనిపిస్తే ఇప్పటికీ మింగుడు పడదు. గుడ్డతో తుడిచానని రాశావే, ఆ ముక్క చదివి కాగితం కింద పెట్టి చేతులు కడుక్కున్నాను. కానీ ఆ ముక్క నువ్వు రాయకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అది కూడా నిజమే.

గరిటమ్మ కబురు పెట్టింది. హోటల్ తెరిచిందట, జనం పలచగా వస్తున్నారట, చేతిలో కత్తి లేదట. "పిడి ఏదైనా సరే, అది ఎక్కడిదో నాకు ముందు చెప్పాలి," అందట. నాన్న దాచిన కొయ్య ఉంది. మంచిదో చెడ్డదో నాకు తెలియడం లేదు.

వచ్చెయ్. గుమ్మం బయట నిలబడితే కొయ్య కనిపించదు, లోపలికే రా. నేను ముక్క తీసి ఇస్తాను, నువ్వు నాకి చూడు. ఏమీ చెప్పకు. చేదంటే నమ్మను, తీపంటే నమ్మను. నేను నీ మొహం చూసి ఎంచుకుంటాను. ఇన్నాళ్ళూ నువ్వు ఉత్తరాల్లో దాక్కున్నావు, అందుకే మోసపోయాను.

దీనికి జవాబు రాయకు. రా.

అక్క